ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎన్ని

"మేడం, మీ మిషిన్ల గీత ఎప్పుడు చూసినా తిన్నగనే ఉంటది. నా రిజిస్టర్ల అట్ల లేదు."

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక కోల్డ్ రూమ్ ముందు నిలబడి స్టోర్ ఇన్‌ఛార్జి నాతో అన్న మాట ఇది. ఆయన చేతిలో అట్ట మాసిన రిజిస్టర్ ఉంది. పది నిమిషాలకోసారి గాజు థర్మామీటర్ చూసి పెన్నుతో రాసుకున్న అంకెలు వరసగా ఉన్నాయి: 4.1, 4.3, 4.6, 5.0, 5.3, 5.7. గోడ మీద మేం బిగించిన పెట్టె ఉంది. దాని తెర మీద గడిచిన గంట ఉష్ణోగ్రతను చూపే గీత, లాగి కట్టిన తాడులా ఒకే ఎత్తులో ఉంది. ఆ నిమిషపు అంకె సరైనదే, 5.7. వెనకటి గంట మాత్రం కనబడకుండా పోయింది.

లోపల ఉన్నవి మందులు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాల్సిన సరుకు. తలుపు రబ్బరు ఒకచోట చిరిగి చలి మెల్లగా బయటికి పోతోంది. గంటలో ఒక డిగ్రీకి మించి పెరిగితే మోగాల్సిన అలారం మోగలేదు. అంతకుముందు నెల రోజులూ గది నిజంగానే నిలకడగా ఉండటంతో తిన్నని గీతను ఎవరూ అనుమానించలేదు. 8 దాటకముందే ఆయన కంటపడింది కాబట్టి సరుకు దక్కింది.

ఆ పెట్టెలో నడిచే ప్రోగ్రాం రాసింది నేనే. నేనుండేది అమీన్‌పూర్‌లో. ఇలాంటి చిన్న పెట్టెల్లోని చిప్‌లకు ప్రోగ్రాములు రాయడం నా వృత్తి. ఆ రోజు బయటపడిన తప్పు ఒకే ఒక్క మాటలో ఉంది. ఒక పేరు రాయాల్సిన చోట ఇంకో పేరు రాశాను. ఆ రెండు పేర్లూ సామాన్య పాఠకులు ఎప్పుడూ వినివుండరు. కానీ మీ ఫోన్‌లో, బ్యాంకు సర్వర్లో, ఇంటి కరెంటు మీటర్లో అవి సెకనుకు లెక్కలేనన్నిసార్లు పనిచేస్తూనే ఉంటాయి. వాటి గురించి అందరికీ కొంతైనా తెలియాలని ఆ రోజు నుంచీ అనుకుంటున్నాను.

నాయిన స్టోర్ రూమ్

మా నాయిన ఇదే ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీలో స్టోర్‌కీపర్‌గా పనిచేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు సెలవు రోజుల్లో ఆయన వెంట వెళ్లేదాన్ని. ఇనుప ర్యాకులు, ప్రతి అరకూ ఒక నంబరు, అంచుకు వేలాడే బిన్ కార్డు. ఏ సరుకు కదలాలన్నా ముందు చీటీ రావాలి. చీటీలో మూడు గడులు: ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎన్ని. మూడూ నిండితేనే హమాలీలు బస్తా ఎత్తేవారు.

"పంపుడు పెద్ద పని కాదు బిడ్డా. అవుతల జాగ ఎంతుందో చూసినంకనే చీటీ మీద సంతకం పెట్టాలె," అనేవారు నాయిన.

కంప్యూటర్ మెమరీ కూడా అలాంటి అరల వరసే. ఒక్కో అరను బైట్ అంటారు. అందులో 0 నుంచి 255 దాకా ఏదో ఒక అంకె పడుతుంది. అర నంబరే దాని అడ్రస్. ఆ కోల్డ్ రూమ్ పెట్టెలోని చిప్‌కు 64 కిలోబైట్ల మెమరీ ఉంది. అంటే 65,536 అరలు. 8 జీబీ మెమరీ ఉన్న ఫోన్‌లో అయితే 850 కోట్లకు పైనే. ఫొటో అయినా పాట అయినా జీతం లెక్క అయినా, అక్కడికి చేరాక అరల్లోని అంకెలే.

ఈ అరల మధ్య సరుకు మోసే హమాలీలు నలుగురున్నారు. బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ 1970ల తొలి ఏళ్లలో తయారుచేసిన సీ భాషలో వీళ్లు పనిచేస్తారు. 1989లో అమెరికా ప్రమాణాల సంస్థ సీ భాషకు నియమావళి ఖరారు చేసినప్పుడు వీళ్ల పేర్లూ పనులూ అందులో స్థిరపడ్డాయి. మెమ్‌కాపీ ఒకచోటి అంకెలను ఇంకోచోటికి నకలు చేస్తుంది. మెమ్‌మూవ్ చేసేదీ నకలే, కాకపోతే ఒక జాగ్రత్తతో. మెమ్‌సెట్ చెప్పిన అరలన్నిటినీ ఒకే అంకెతో నింపుతుంది. మెమ్‌కంపేర్ రెండు చోట్లను పక్కపక్కన పెట్టి సరిపోయాయో లేదో చూస్తుంది.

మెమ్‌కాపీకి ఇచ్చే చీటీలో నాయిన చీటీలో ఉన్న మూడు గడులే ఉంటాయి. వరస మాత్రం కొంచెం మారుతుంది: ఎక్కడికి, ఎక్కడి నుంచి, ఎన్ని. అసలు తేడా ఇంకోటి ఉంది. హమాలీ మనిషి కాబట్టి గోడ అడ్డొస్తే ఆగుతాడు, అర నిండితే వెనక్కొచ్చి చెబుతాడు. మెమ్‌కాపీ ఆగదు, చెప్పదు. అవతల జాగా ఉందా అని చూసే పని దాని ఒప్పందంలోనే లేదు. వేగం కోసం ఆ పనిని ప్రోగ్రాం రాసేవాళ్లకు వదిలేశారు. సంతకం పెట్టాల్సింది మేమే.

పలకల వరస

ఇప్పుడు కోల్డ్ రూమ్ గీత దగ్గరికి వద్దాం.

బడిలో పదిమంది పిల్లలు వరసగా కూర్చున్నారనుకోండి. ఒక్కొక్కరి పలక మీద ఒక్కో అంకె ఉంది. ప్రతి ఒక్కరూ తమ ఎడమ పక్కనున్న వాళ్ల అంకెను తమ పలక మీదికి ఎక్కించుకోవాలి. ఎడమ చివర నుంచి మొదలుపెడితే ఏమవుతుంది? రెండో పిల్ల తన అంకె చెరిపి మొదటి పిల్లవాడి అంకె రాసుకుంటుంది. మూడోవాడు రెండో పలక చూస్తాడు. అక్కడ ఇప్పుడున్నది మొదటి అంకెనే. అలా పదో పలక దాకా ఒకే అంకె పాకుతుంది. మిగతా తొమ్మిది అంకెలూ లోకంలో ఎక్కడా మిగలవు. అదే కుడి చివర నుంచి మొదలుపెడితే, పదోవాడు తొమ్మిదో పలకను, తొమ్మిదోవాడు ఎనిమిదో పలకను చూసి రాసుకుంటూ వస్తే, చివరి అంకె తప్ప అన్నీ పదిలంగా ఒక్కో స్థానం జరుగుతాయి.

నా ప్రోగ్రాంలో 60 పలకలున్నాయి, నిమిషానికొకటి. కొత్త అంకె వచ్చినప్పుడల్లా పాత 59 అంకెలను ఒక్కో స్థానం వెనక్కి జరిపి, మొదటి చోట కొత్తది రాయాలి. తీసుకునే చోటూ పెట్టే చోటూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఇలాంటప్పుడు వాడాల్సింది మెమ్‌మూవ్. అది ముందుగా అడ్రస్‌లు చూసి, ఏ చివర నుంచి మొదలుపెడితే అంకెలు చెడవో తేల్చుకుంటుంది. నేను మెమ్‌కాపీ అని రాశాను. రెండు చోట్లూ ఒకదానిమీద ఒకటి పడితే ఫలితానికి పూచీ లేదని 1989 నియమావళే చెబుతోంది. ఆ చిప్‌లోని మెమ్‌కాపీ ముందు నుంచి వెనక్కి నడిచింది. దాంతో ప్రతి నిమిషమూ, అంతకుముందు నిమిషపు అంకె 59 చోట్లా పాకింది. గంట కింద ఎంత ఉందని అలారం అడిగితే నిమిషం కిందటి అంకె చేతికొచ్చింది. నిమిషంలో ఏ గదీ ఒక డిగ్రీ వేడెక్కదు. అలారం మోగే దారే లేదు.

మరి పరీక్షల్లో ఎందుకు దొరకలేదు? నా బల్ల మీది కంప్యూటర్లో మెమ్‌కాపీ ఇంకో పద్ధతిలో నడుస్తుంది. అక్కడ అంకెలు చెడలేదు. ఒకే పేరున్న ఇద్దరు పనివాళ్లు రెండు ఊళ్లలో రెండు తీర్ల పనిచేస్తారని నాకు అప్పుడు ఒంటికి తెలిసింది.

ఇది పెద్దపెద్దవాళ్లకూ జరిగింది. 2010లో లినక్స్ కంప్యూటర్లలో వాడే గ్లిబ్‌సీ అనే మూల లైబ్రరీలో, కొన్ని ఇంటెల్ ప్రాసెసర్ల మీద వేగం కోసం మెమ్‌కాపీ నడక దిశ మార్చారు. ఫెడోరా 14 అనే లినక్స్ కూర్పు వాడేవాళ్లకు ఫ్లాష్ ప్లేయర్‌లో పాటలు గరగరలాడటం మొదలైంది. ఒకదానిమీద ఒకటి పడే చోట్లకు ఫ్లాష్ మెమ్‌కాపీనే వాడుతోంది. అన్నాళ్లూ అదృష్టం కొద్దీ నడిచిపోయింది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ స్వయంగా ఆ చర్చలోకి దిగారు. తప్పు ఫ్లాష్‌దే కావచ్చు, కానీ నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రాం ఇవాళ చెడితే నష్టపోయేది వాడేవాళ్లే కదా అన్నది ఆయన వాదన. చివరికి పాత ప్రోగ్రాములు మెమ్‌కాపీని పిలిస్తే మెమ్‌మూవ్ నడకే దొరికేలా ఏర్పాటు చేశారు.

చెరువు హద్దు

మా అమీన్‌పూర్‌లో బఫర్ అన్న మాట తెలియనివాళ్లు ఉండరు. మా పెద్ద చెరువును 2016 నవంబరులో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. దేశంలో పట్టణ ప్రాంతపు జలాశయానికి ఆ గుర్తింపు దక్కడం అదే మొదలు. ఇక్కడ ప్లాటు కొనేవాళ్లు ముందు అడిగేవి రెండే: ఎఫ్‌టీఎల్ ఎక్కడిదాకా, బఫర్ ఎక్కడిదాకా? చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు ఆగే గీత ఎఫ్‌టీఎల్. ఆ గీత దాటాక మరో 30 మీటర్లు ఖాళీగా వదలాల్సిన నేల బఫర్ జోన్.

మా వృత్తిలో బఫర్ అంటే చెరువు పొట్టే, సరుకు దించుకోవడానికి కేటాయించిన అరలు. దానికీ ఎఫ్‌టీఎల్ ఉంది. కానీ ఒడ్డున హద్దురాళ్లుండవు, అవతల 30 మీటర్ల ఖాళీ నేలా ఉండదు. గీత దాటితే నేరుగా పక్కింట్లోకే.

తెలుగువాళ్లకు ఈ గండం ఇంకాస్త దగ్గర. మా పెట్టె మీద గది పేరు, ఊరి పేరు తెలుగులో కనబడాలని ఒకచోట అడిగారు. చదవాల్సిన మనుషులు తెలుగువాళ్లే కదా, న్యాయమైన కోరిక. పేరు కోసం 16 బైట్లు కేటాయించి ఉన్నాయి. ఇంగ్లిష్‌లో మా ఊరి పేరుకు ఎనిమిది అక్షరాలు, ఎనిమిది బైట్లు, బాగానే పట్టింది. తెలుగులో రాయగానే లెక్క మారింది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు పడతాయి. అమీన్‌పూర్ అన్న పేరును విడదీసి చూడండి: అ, మ, గుడిదీర్ఘం, న, పొల్లు, ప, కొమ్ముదీర్ఘం, ర, పొల్లు. తొమ్మిది. ఇవి కాక న్ కింద ప ఒత్తుగా మారిపోకుండా ఆపే, కంటికి కనబడని గుర్తు ఒకటి. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. మొత్తం పది గుర్తులు, 30 బైట్లు.

16 అరల్లో 30 అంకెలు పోస్తే 14 పొంగి పక్కకు పోతాయి. నా పెట్టెలో పేరు పక్కన ఉన్నవి అలారం పరిమితి దాచిన అరలు. ఊరి పేరు ఎక్కించగానే పరిమితి అర్థంలేని అంకెగా మారింది. ఈసారి తప్పు ఫ్యాక్టరీ దాకా పోలేదు, బల్ల మీదే పట్టుకున్నాను. 16 దగ్గర కోసేస్తే సరిపోతుందా అంటే అదీ కుదరదు. 15 బైట్లకు "అమీన్" పూర్తవుతుంది. పదహారోది ఆ కనబడని గుర్తులో మూడో వంతు ముక్క. తెర మీద అదొక విరిగిన డబ్బాలా కనబడుతుంది. పేరుకు చోటు పెంచాలి, పోసేముందు కొలవాలి, గుర్తు మధ్యలో కోయకూడదు. తెలుగును గౌరవించడం అంటే నా పనిలో ఈ మూడూ.

ఆ కనబడని గుర్తు పేరు మరో సందర్భంలో ప్రపంచమంతా మోగింది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను కూలదోస్తోందని వార్తలొచ్చాయి. ఆ అక్షరం జ్ఞా. మనం మామూలుగా టైపు చేసే జ్ఞా కాదు. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత ఆ కనబడని గుర్తు, చివర దీర్ఘం, ఈ వరసలో కూర్చినది. అది సందేశంగా వస్తే, చూపబోయిన యాప్ ఆగిపోయేది. నోటిఫికేషన్‌లో వస్తే ఫోన్ ముఖ్య తెరే మళ్లీ మళ్లీ కూలేది. మరికొన్ని భారతీయ లిపుల కూర్పులతోనూ అదే జరిగింది. యాపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. అక్షరాలను తెరమీద కూర్చే కోర్‌టెక్స్ట్ అనే భాగంలో, ఒక ప్రత్యేక వరస వల్ల మెమరీ చెడుతోందనీ, వచ్చిన సరుకును ఇంకా గట్టిగా తనిఖీ చేసేలా మార్చామనీ తన భద్రతా ప్రకటనలో చెప్పింది.

ఆ రోజుల్లో చాలామంది తెలుగు అక్షరం ఫోన్ చెడగొట్టిందన్నారు. నాకు బాధ కలిగింది. అక్షరం ఏ తప్పూ చేయలేదు. ఇన్ని గుర్తులు ఇలా కలిసి రావచ్చని లెక్క వేయకపోవడమే తప్పు. మెమరీకి మన భాషలో ఉన్న మాట జ్ఞాపకం. ఆ మాట మొదలయ్యేది జ్ఞా తోనే.

అడిగినంత ఇచ్చేస్తే

పొంగడం ఒక ప్రమాదం. ఉన్నదానికంటే ఎక్కువ తోడుకోవడం ఇంకోటి. 2014 ఏప్రిల్ 7న బయటపడిన హార్ట్‌బ్లీడ్ అలాంటిది. వెబ్‌సైట్ల రహస్య సంభాషణకు తాళం వేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌లో, అవతలివాళ్లు ఇంకా లైన్లో ఉన్నారో లేదో తెలుసుకునే చిన్న పలకరింపు ఉంది. ఒకరు ఒక మాట పంపి, దాని పొడవు ఇంత, తిరిగి పంపు అంటారు. రెండోవాళ్లు ఆ మాటను మెమ్‌కాపీతో నకలు తీసి తిరిగి పంపాలి. ఎన్ని అన్న గడిలో, వచ్చిన మాటను కొలవకుండా, వాళ్లు చెప్పిన అంకెనే రాసేశారు.

ఒక్క అక్షరం పంపి, దీని పొడవు 64 వేలు అని అబద్ధమాడితే? సర్వర్ ఆ అక్షరంతోపాటు పక్క అరల్లో ఉన్నదంతా కలిపి 64 కిలోబైట్ల దాకా పంపేసేది. వాటిలో వేరేవాళ్ల పాస్‌వర్డులు ఉండవచ్చు, తాళంచెవులే ఉండవచ్చు. 2012 మార్చిలో విడుదలైన కూర్పు నుంచి రెండేళ్లపాటు ఈ కన్నం తెరిచే ఉంది. గూగుల్‌కు చెందిన నీల్ మెహతా, ఫిన్లాండ్‌లోని కోడెనోమికాన్ ఇంజినీర్లు ఎవరికివారుగా కనిపెట్టారు. ఈ లోపం వల్ల కెనడా పన్నుల శాఖ నుంచి దాదాపు 900 మంది సామాజిక బీమా నంబర్లు దొంగల చేతికి పోయాయి. మందు చాలా చిన్నది: చెప్పిన పొడవు, నిజంగా వచ్చిన సరుకు కంటే ఎక్కువైతే జవాబివ్వకుండా వదిలేయడం. మా నాయిన దీనికోసం చీటీని బస్తాల పక్కన పెట్టి లెక్కపెట్టేవారు.

నింపడం, పోల్చడం

మెమ్‌సెట్ తేలికగా కనిపిస్తుంది కానీ దానికీ మెలికలున్నాయి. అది నింపేది ఒక్కో అరను. నాలుగేసి అరలు కలిసి ఒక సంఖ్యగా ఉన్నచోట అన్నిటినీ 1 చేద్దామని మెమ్‌సెట్‌కు 1 ఇస్తే, ప్రతి సంఖ్యా 1,68,43,009 అవుతుంది. పాస్‌వర్డు వాడాక ఆ అరలను సున్నాలతో తుడిచేద్దామంటే ఇంకో చిక్కు. ఎలాగూ వీటిని మళ్లీ ఎవరూ చదవరు కదా అని, ప్రోగ్రాంను చిప్ భాషలోకి మార్చే కంపైలర్ ఆ తుడిచే వరసనే తీసేయగలదు. కాబట్టే సీ భాష కొత్త ప్రమాణం సీ23లో, తీసేయడానికి వీల్లేకుండా తుడిచే ఫంక్షన్‌ను వేరుగా చేర్చారు.

మెమ్‌కంపేర్‌ను రహస్యాల తనిఖీకి వాడకూడదని మా వాళ్లందరికీ చెబుతాను. మొదటి తేడా కనబడగానే అది ఆగిపోవచ్చు. ఎంతసేపటికి కాదంది అని సూక్ష్మంగా కొలిచేవాడు, ఎన్ని అక్షరాలు సరిపోయాయో ఊహించగలడు. అక్కడ తేడా ఉన్నా లేకపోయినా చివరిదాకా ఒకే వేగంతో చూసే పద్ధతి కావాలి.

లెక్క కలిసింది

ఇవన్నీ చూశాక, ఇంత ప్రమాదమున్న పనివాళ్లను ఇంకా ఎందుకు ఉంచుకోవాలని అడుగుతారు. తమ ఉత్పత్తుల్లో ఏటా సరిదిద్దే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీ తప్పులేనని 2019లో మైక్రోసాఫ్ట్ ఇంజినీర్లు చెప్పారు. 2015లో తొలి స్థిర కూర్పు వెలువడిన రస్ట్ భాష, హద్దులను తానే కాపలా కాస్తుంది. 2022 డిసెంబరులో లినక్స్ కెర్నెల్‌లోకీ దానికి ప్రవేశం దొరికింది. నేనూ నేర్చుకుంటున్నాను, కొత్తవాళ్లనూ నేర్చుకోమంటున్నాను. కానీ ఆపరేటింగ్ సిస్టం లేని చిన్న చిప్ మీద రస్ట్‌ను నడపాలంటే, అది ముందుగా అడిగే వాటిలో ఈ నలుగురూ ఉంటారు: మెమ్‌కాపీ, మెమ్‌మూవ్, మెమ్‌సెట్, మెమ్‌కంపేర్. ఎంత కొత్త ఇల్లు కట్టినా కింద మోసేది వీళ్లే. భాష మారితే చీటీ తనిఖీ చేసే మనిషి మారవచ్చు. తనిఖీ లేని రోజు మాత్రం రాదు.

మా దగ్గర చేరిన పిల్లలకు మొదటి వారం నేను కోడ్ రాయనివ్వను. కాగితం మీద మూడు గడులు గీయించి, ఒక్కో వరసకూ నింపిస్తాను. నాలుగో గడి ఒకటి నాయిన మాటగా కలిపాను: అవతల జాగా ఎంత? ఐదోది కోల్డ్ రూమ్ నేర్పింది: రెండు చోట్లూ ఒకదానిమీద ఒకటి పడుతున్నాయా?

మెమ్‌కాపీ అన్నచోట మెమ్‌మూవ్ అని మార్చి ఆ పెట్టెను మళ్లీ బిగించిన రోజు, తలుపు రబ్బరు కూడా కొత్తది వేశారు. ఆ స్టోర్ ఇన్‌ఛార్జి రిజిస్టర్ పట్టుకుని గంటసేపు నాతోపాటు అక్కడే నిలబడ్డారు. పది నిమిషాలకోసారి గాజు థర్మామీటర్ చూశారు, అంకె రాశారు. గంట పూర్తయ్యాక తెర మీది గీతలో ఆ ఆరు చోట్లనూ వేలితో ఒక్కొక్కటే చూపిస్తూ, రిజిస్టర్లో ఒక్కొక్కదాని పక్కనా టిక్ పెట్టారు. రెండు వరసలను పక్కపక్కన పెట్టి, తొందరపడకుండా, చివరిదాకా. నేను రాసిన ఏ పరీక్షా పట్టుకోలేని తప్పును పట్టుకున్నది ఆ అలవాటే.

ఆరో టిక్ పెట్టి పెన్ను జేబులో పెట్టుకున్నారు.

"లెక్క కలిసింది మేడం," అన్నారు.